ఎర్ర సాలీడు కనిపిస్తే ముందు చూడాల్సింది రంగు కాదు

ఎర్రగా ఏదైనా పాకుతూ కనబడగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఇది విషమా అని. ఫోటో తీసి గ్రూపులో పెడతారు, కింద పదిమంది పది రకాలుగా చెబుతారు, ఒకరు వెంటనే చంపెయ్యమంటారు, ఇంకొకరు ముట్టుకుంటే పొక్కులొస్తాయంటారు, ఈలోగా ఆ ప్రాణి చెప్పు కింద నలిగిపోయి ఉంటుంది. అలా చనిపోయే వాటిలో చాలా వాటికి మనిషిని కుట్టే శక్తే ఉండదు. కొన్నైతే అసలు సాలీళ్ళే కావు. ఎరుపు అంటే ప్రమాదం అనే లెక్క ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర పనికొస్తుంది గానీ సాలీళ్ళ దగ్గర పెద్దగా పనికిరాదు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది అది సాలీడా కాదా అన్నది. సాలీడుకి ఒళ్ళు రెండు భాగాలుగా ఉంటుంది. కళ్ళు, నోరు, కాళ్ళు అన్నీ ముందు భాగానికే ఉంటాయి, వెనక పొట్ట ఉంటుంది, రెంటికీ మధ్య సన్నటి నడుము. కాళ్ళు ఎనిమిది. రెక్కలు లేవు, తల మీద మీసాలు లేవు. ఆ నడుము కనిపించకుండా ఒళ్ళంతా ఒకే ముద్దగా ఉందంటే ఎనిమిది కాళ్ళున్నా అది సాలీడు కాదు, చాలావరకు సాలీడుకి దూరపు చుట్టమైన నల్లి జాతి ప్రాణి అయి ఉంటుంది (మంచాల్లో ఉండే నల్లి కాదు, ఇంగ్లీషులో మైట్ అంటారే అది).

మనకు బాగా తెలిసిన ఆరుద్ర పురుగు ఇలాంటిదే. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది, ఆ రోజుల్లో మంచి వాన పడిన మర్నాడు ఇసుక నేలల్లో, చేలగట్ల మీద మెత్తని ఎర్రటి నూగుతో మెల్లగా నడుస్తూ కనిపిస్తుంది. అరచేతిలో పెట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది, కాసేపాగి మళ్ళీ నడక మొదలుపెడుతుంది. కుట్టదు, కరవదు. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోపలే గడిపి, తిండికీ జతకట్టడానికీ వానతో పాటు పైకి వస్తుంది. దీని పిల్లలకు ఆరు కాళ్ళే ఉంటాయి, అవి మిడతల్లాంటి వాటి ఒంటికి అతుక్కుని రసం పీల్చి పెరుగుతాయి. పెద్దవయ్యాక చెదపురుగుల్నీ, పురుగుల గుడ్లనూ తింటాయి. అంటే రైతుకు పనికొచ్చే ప్రాణి. అలాంటిదాన్ని సేర్ల లెక్కన ఏరి, ఎండబెట్టి, నూనె తీసి, పక్షవాతానికి మందనీ మగతనానికి మందనీ అమ్మడం ఇప్పటికీ కొన్నిచోట్ల జరుగుతోంది. ఇలా వానకు పైకొచ్చిన వాటినే ఏరేస్తే అవి గుడ్లు పెట్టేదెప్పుడు? ఆరుద్ర పురుగులు ఈమధ్య కనబడట్లేదే అని బాధపడేవాళ్ళు ఈ నూనె సీసాలు కొనడం మానేస్తే బాగుంటుంది.

రెండో రకం ఎర్రనల్లి. ఇది అర మిల్లీమీటరు కూడా ఉండదు, మామూలు కంటికి ఆకు అడుగున ఎర్రటి ధూళి పడినట్టు కనిపిస్తుంది. బెండ, వంగ, గులాబీ మీద బాగా వస్తుంది, సన్నటి గూడు కూడా అల్లుతుంది, అందుకే జనం దీన్ని పిల్ల సాలీడు అనుకుంటారు. సాలీడేమో పురుగుల్ని తింటుంది, ఇది ఆకును తింటుంది, ఆకు కణాల్ని ఒక్కొక్కటిగా పొడిచి రసం పీల్చేస్తుంది, దాంతో ఆకు మీద తెల్లటి చుక్కలు లేచి, తర్వాత ఆకంతా కంచు రంగుకు తిరిగి రాలిపోతుంది. వాతావరణం వేడిగా పొడిగా ఉంటే గుడ్డు నుంచి గుడ్లు పెట్టే తల్లి దాకా సుమారు వారం రోజుల్లో పని పూర్తవుతుంది. జతకట్టకుండా పెట్టిన గుడ్ల నుంచి కూడా మగవి పుడతాయి. ఇంత వేగంగా పెరిగేదాని మీద మామూలు పురుగుమందు కొట్టేస్తే ఏమవుతుందంటే, ఎర్రనల్లి చావదు, దాన్ని తినే మంచి నల్లులూ అక్షింతల పురుగులూ చస్తాయి, పది రోజుల్లో చేను మునుపటికంటే ఘోరంగా తయారవుతుంది. పురుగుమందు వేరు, నల్లిమందు వేరు. పొలంలో లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం వాడమని చెబుతుంటారు, అదీ మండుటెండలో కొడితే ఆకు మాడుతుంది. ఇంటి ముందున్న నాలుగు గులాబీ మొక్కలకైతే రోజు విడిచి రోజు ఆకుల అడుగు భాగానికి తగిలేలా పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టడం చాలావరకు సరిపోతుంది.

ఇక నిజంగా సాలీళ్ళే అయి ఎర్రగా ఉండేవి. ఇంట్లో కనబడేది ఎక్కువగా ఒకటే, గోడ మూలల్లో, తలుపు వెనక, సింకు కింద గజిబిజిగా దారాలు అల్లుకుని తలకిందులుగా వేలాడే చిన్న ఎర్ర గోధుమరంగు సాలీడు. పొట్ట గుండ్రంగా గింజలా ఉంటుంది, ఒళ్ళు సెంటీమీటరు లోపే ఉంటుంది. ప్రపంచంలో వేడి దేశాలన్నిటిలోనూ మనుషుల ఇళ్ళల్లోనే కాపురం చేస్తుంది. చీమలు, దోమలు, చిన్న ఈగలు దాని తిండి. దీని ఆకారం చూసి కొందరు ఆస్ట్రేలియా విషపు సాలీడు మన ఇంట్లోకి వచ్చిందని టెన్షన్ పడతారు. రెండూ ఒకే కుటుంబానివి కాబట్టి పోలిక ఉంటుంది, అంతే. దీనివల్ల మనిషికి ప్రమాదం లేదు.

మామిడి తోటల్లో ఇంతకంటే ఆశ్చర్యమైన ఎర్ర సాలీడు ఉంది. ఆకుల్ని కలిపి కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలు తెలుసు కదా, ఆ బారులకు కాస్త దూరంగా, ఆకు మీద ఒంటరిగా తిరుగుతూ ఒక చీమ కనిపిస్తే దాన్ని జాగ్రత్తగా చూడాలి. ముందు కాళ్ళు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తుంటుంది. ఒంట్లో నొక్కులు అచ్చం చీమ నడుముల్లాగే ఉంటాయి. మగదానికి కోరలు ఎంత పొడవంటే, ఒక చీమ ఇంకో చీమను నోట కరుచుకుని మోసుకుపోతున్నట్టే కనిపిస్తుంది. వేలు దగ్గరకు తెస్తే ఆకు మీంచి దూకి దారం పట్టుకుని వేలాడుతుంది, అప్పుడు తెలుస్తుంది అది చీమ కాదు సాలీడని. ఎర్రచీమ కరుస్తుంది, ఆమ్లం చిమ్ముతుంది, రుచీ బాగోదు, కాబట్టి పిట్టలూ కందిరీగలూ దాని జోలికి పెద్దగా పోవు. ఆ భయాన్ని ఈ సాలీడు వాడుకుంటుంది. చీమల్ని మాత్రం తినదు, అవి దగ్గరికొస్తే తప్పుకుపోతుంది.

అదే చెట్టు మీద ఇంకో ఎర్ర సాలీడు ఉంటుంది, అది చీమల్ని తినడానికే చీమలా ఉంటుంది. దాని పొట్ట చివర రెండు నల్లచుక్కలుంటాయి, చీమ కళ్ళలా. చావబోతున్న చీమలా వణుకుతూ కూర్చుంటుంది, తోటి చీమ ఏమైందోనని దగ్గరికి రాగానే తల వెనక పట్టేసి దారం మీద కిందకు వేలాడుతుంది, మిగతా చీమలు వచ్చేలోపు అందకుండా. రెంటిదీ ఎరుపే, ఒకటి ప్రాణం కాపాడుకోవడానికి, ఒకటి ప్రాణం తీయడానికి.

అసలు ఈ ఎరుపు ఎలా వస్తుంది, ఎవరికోసం అన్నది కూడా చాలామంది అడుగుతారు. సాలీళ్ళలో పసుపు, ఎరుపు, గోధుమ రంగులకు ఎక్కువగా కారణం ఓమ్మోక్రోములనే రంగు పదార్థాలు, తిన్న మాంసకృత్తుల నుంచి శరీరం లోపలే తయారవుతాయి. ఎవరికోసం అన్నది ఇంకా ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే గూళ్ళు అల్లే సాలీళ్ళకు చూపు అంతంతమాత్రం, వాటి లోకమంతా దారం మీద వచ్చే కదలికలే. అవి తినే పురుగుల కళ్ళకూ ఎరుపు సరిగా ఆనదు. పిట్టలకు మాత్రం ఎరుపు బాగా కనిపిస్తుంది. నల్లటి ఒంటి మీద ఎర్ర గుర్తున్న విషపు సాలీళ్ళ మీద అమెరికాలో 2016లో వచ్చిన పరిశోధనలో తేలింది ఇదే, ఆ గుర్తు ఉన్న బొమ్మ సాలీళ్ళను పిట్టలు తక్కువగా పొడిచాయి. తను వేటాడే పురుగుకు కనబడకుండా, తనను తినే పిట్టకు కనబడేలా హెచ్చరిక పెట్టుకోవడమన్నమాట. దూకే సాలీళ్ళ సంగతి వేరు, వాటికి చూపే ఆధారం. అమెరికాలో ఉండే ఒక రకంలో మగదాని ముఖం ఎర్రగా ఉంటుంది, ఆడదాని కంట్లో ఎర్రటి వడపోత పొర ఉండి ఆ ఎరుపును గుర్తుపడుతుంది.

ఇప్పుడు విషం సంగతి. కొన్ని రకాలు తప్ప సాలీళ్ళన్నిటికీ విషం ఉంటుంది, అది పురుగుల్ని పడగొట్టడానికి. మనిషి చర్మంలోకి కోరలు దించగలిగేవి తక్కువ, దించినా చీమ కుట్టినంత నొప్పికి మించనివే ఎక్కువ. నిజంగా జాగ్రత్తపడాల్సిన ఎర్ర గుర్తు సాలీడు ఆస్ట్రేలియాలో ఉంది, రెడ్‌బ్యాక్ అంటారు. ఆడది సెంటీమీటరు పొడవు, నల్లగా నిగనిగలాడుతూ వీపు మీద ఎర్ర చార ఉంటుంది. మగది మూడు నాలుగు మిల్లీమీటర్లే. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో కొత్తగా ఇల్లు తీసుకున్న తెలుగువాళ్ళు దీన్ని పోస్ట్ డబ్బాల్లో, చెత్త డబ్బాల పిడుల కింద, బయట వదిలేసిన బూట్లలో, పిల్లల ఆటవస్తువుల అడుగున చూస్తుంటారు. వెతికి వచ్చి కరిచే రకం కాదు, చెయ్యి నేరుగా గూట్లో పడితేనే కరుస్తుంది. నొప్పి మెల్లగా పెరుగుతుంది, చెమటలు పడతాయి, ఒక్కోసారి వికారం. కరిచిన చోట ఐసు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, గట్టిగా కట్టు కట్టకూడదు, కడితే నొప్పి పెరుగుతుంది. గట్టి కట్టు కట్టాల్సింది అక్కడే ఉండే ఫనెల్‌వెబ్ అనే వేరే సాలీడు కరిస్తే. ఈ రెంటినీ కలిపేసి చెప్పే వీడియోలు తిరుగుతుంటాయి, నమ్మవద్దు. రెడ్‌బ్యాక్‌కు 1956లోనే విరుగుడు మందు వచ్చింది, అప్పటినుంచి దానివల్ల చావులు దాదాపు లేవు. దీని దగ్గరి చుట్టాల్లో పొట్ట కింద నారింజ రంగు గుర్తు ఉండే గోధుమరంగు రకం మన దేశంలోనూ నమోదైంది, కాటు అరుదు, తీవ్రత కూడా తక్కువే.

విషం పేరెత్తాక గుత్తి సాలీడును వదలకూడదు, అది ఎరుపు కాకపోయినా. 1899లో దీన్ని మొదటిసారి వర్ణించింది అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక్క నమూనా ఆధారంగా. ఆ తర్వాత వందేళ్ళ పాటు ఎవరికీ జాడ తెలియక, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. మెరిసే నీలం రంగు, చెట్టు తొర్రల్లో కాపురం. కరిస్తే కండరాలు పట్టేస్తాయి, నొప్పి గట్టిగానే ఉంటుంది. కానీ ఇక్కడ ప్రమాదంలో ఉన్నది మనిషి కాదు. చాలా కొద్దిపాటి అడవికి పరిమితమైపోయిన ఈ సాలీడు 2008 నుంచి అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్నవాటి జాబితాలో ఉంది. అడవిలో కలప నరకడం ఒక దెబ్బ, పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టుకుపోవడం ఇంకో దెబ్బ. తెలుగు నేల మీద మొదట దొరికిన ఇలాంటి ప్రాణి గురించి మన బడిపిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఒంటి మీద సాలీడు పాకితే పొక్కులు వస్తాయన్న నమ్మకం ఊళ్ళల్లో గట్టిగా ఉంది. ఆ పొక్కులు నిజమే, సాలీడు మాత్రం కారణం కాదు. వానాకాలంలో ట్యూబులైటు దగ్గరికి వచ్చే సన్నటి పురుగు ఒకటుంది, నారింజ ఎరుపు, నలుపు పట్టీలుగా, చీమ కంటే కాస్త పొడవుగా ఉంటుంది. అది పాకినా ఏమీ కాదు, మెడ మీదో చేతి మీదో చరిచి నలిపామా, దాని ఒంట్లోని రసం చర్మానికి పూసుకుంటుంది, ఒక రోజు గడిచాక ఆ గీత వెంబడే మంట, పొక్కులు లేస్తాయి. అప్పటికి పురుగు సంగతి ఎవరికీ గుర్తుండదు, మూలనున్న సాలీడు మీద నింద పడుతుంది. ఆ పురుగు కనబడితే ఊదేయాలి, నలిగితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి, ఆ చేత్తో కళ్ళు నులుముకోకూడదు. ఇంకో రకం పొక్కులు సర్పివి, ఒంటికి ఒక పక్కనే పట్టీలా వచ్చి విపరీతంగా మండుతాయి. అది వైరస్ జబ్బు, మొదటి మూడు రోజుల్లో మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, ఆ మూడు రోజులూ సాలీడు పేరు చెప్పి మంత్రం వేయించుకుంటూ గడిపేస్తే, ముఖ్యంగా పెద్ద వయసువాళ్ళకి, నెలల తరబడి నొప్పి మిగిలిపోవచ్చు. ఈ ఒక్క తప్పుడు నమ్మకం వల్ల మనిషికి జరిగే నష్టం మన ఇళ్ళల్లోని సాలీళ్ళన్నీ కలిసి చేసేదానికంటే చాలా ఎక్కువ.

సాలీళ్ళు ఎలా బతుకుతాయి అన్నదానికి ఒక్క జవాబు ఉండదు, గుర్తించి పేరు పెట్టిన రకాలే 2022 నాటికి 50 వేలు దాటాయి. అయినా కొన్ని సంగతులు దాదాపు అన్నిటికీ వర్తిస్తాయి. నమిలి మింగడం వాటికి రాదు. పట్టుకున్న పురుగు మీదికి జీర్ణరసాలు కక్కి, అది కరిగాక ఆ ద్రవం పీల్చుకుంటాయి. గూట్లో మిగిలే డొల్ల పురుగులు అవే. నడక కూడా వింతే, కాళ్ళలోని కొన్ని కీళ్ళను ముడవడానికి కండరాలున్నాయి గానీ చాపడానికి లేవు, జేసీబీ చెయ్యి నూనె ఒత్తిడితో లేచినట్టు ఒంట్లో రక్తాన్ని ఒత్తిడితో తోసి కాళ్ళు చాపుతాయి. ప్రాణం పోగానే ఆ ఒత్తిడి పోతుంది, అందుకే చచ్చిన సాలీడు ఎప్పుడూ కాళ్ళు లోపలికి ముడుచుకునే కనిపిస్తుంది. ఆ రక్తం ఎర్రగా ఉండదు, ఇనుముకు బదులు రాగి ఉండటంతో నీలి ఛాయలో ఉంటుంది, ఎర్ర సాలీడుకైనా అంతే.

తోటలో గుండ్రటి గూడు కట్టే సాలీళ్ళలో చాలా రకాలు పాత గూడును తినేసి దాదాపు రోజూ కొత్తది కడతాయి. దారం మాంసకృత్తులతో చేసింది కాబట్టి వృథా పోనివ్వవు. మొదట ఒక దారాన్ని గాలికి వదులుతుంది, అది ఎదుటి కొమ్మకు తగులుకోగానే దాని మీద నడిచి చట్రం కడుతుంది, మధ్య నుంచి సైకిల్ చక్రం పుల్లల్లా నలువైపులా దారాలు లాగుతుంది, తర్వాత అంటుకోని దారంతో ఒక తాత్కాలిక చుట్టు వేసి, వెనక్కి వస్తూ ఆ చుట్టును తీసేస్తూ జిగురు దారం వేస్తుంది. తను ఎక్కువగా జిగురు లేని దారాల మీదే నడుస్తుంది. ఇంట్లోని గజిబిజి గూడు ఇలా రోజూ మారదు, సాలీడు వదిలేసి పోయాక దుమ్ము పట్టి బూజవుతుంది. కాబట్టి నల్లగా వేలాడే బూజు దులిపేస్తే సాలీడుకు నష్టమేమీ లేదు, అది అప్పటికే ఇల్లు మారి ఉంటుంది. బూజుకర్రకు దొరికే సాలీళ్ళ శవాల్లో కూడా కొన్ని శవాలు కావు, పెరిగేటప్పుడు విడిచిన పాత చర్మాలు. చర్మం విడిచే ఆ కాసేపు ఒళ్ళు మెత్తగా ఉండి దేనికైనా చిక్కిపోతుంది, కానీ ఎప్పుడో తెగిపోయిన కాలు మళ్ళీ మొలిచేది కూడా అప్పుడే.

ఎంతకాలం బతుకుతాయి అంటే, ఇంట్లో తిరిగే చిన్నవి ఏడాది, రెండేళ్ళు. బొరియల్లో ఉండే పెద్ద రకాల్లో ఆడవి 20 ఏళ్ళు దాటి బతకగలవు, మగవి జతకట్టే వయసు వచ్చాక త్వరగా పోతాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1974 నుంచి గమనిస్తూ వచ్చిన 16వ నంబరు అనే ఆడ సాలీడు 43 ఏళ్ళు బతికింది, 2016లో దాని బొరియ మూత చిల్లుపడి కనిపించింది, వయసు మీద పడి పోలేదు, కందిరీగ చేతిలో పోయింది.

ఆడ సాలీడు మగదాన్ని తినేస్తుందంటారు, అది కొన్ని రకాల్లోనే, అన్నిటిలో కాదు. రెడ్‌బ్యాక్ మగది మాత్రం తనే పిల్లిమొగ్గ వేసి ఒంటిని ఆడదాని నోటికి అందిస్తుంది, అలా తినబడిన మగదానికే ఎక్కువ సంతానం కలుగుతుందని 1990ల్లో తేలింది. రాయలసీమ మెట్టభూముల్లో తుమ్మ కొమ్మలకు, ముళ్ళకంచెలకు పెద్ద మురికి గుడ్డలా పట్టి ఉండే గూడులో ఇంకో రకం కాపురం ఉంటుంది, ఒక్కో గూట్లో వందల కొద్దీ కలిసి బతుకుతాయి, కలిసి వేటాడతాయి, తల్లులు తిన్నది కక్కి పిల్లలకు పెడతాయి, చివరికి తమ ఒంటినే పిల్లలకు ఆహారంగా వదిలేస్తాయి.

లోకంలోని సాలీళ్ళన్నీ కలిసి ఏడాదికి 40 నుంచి 80 కోట్ల టన్నుల తిండి తింటాయని 2017లో వేసిన ఒక అంచనా ఉంది, అందులో 90 శాతానికి పైగా పురుగులూ వాటి తరహా చిన్న ప్రాణులే. ఇది మనకు అన్నిటికంటే బాగా అర్థమయ్యేది వరిమడిలో. గూడు కట్టకుండా నీళ్ళ మీద పరిగెత్తే గోధుమరంగు తోడేలు సాలీడు వరి దుబ్బుల మొదళ్ళలో తిరుగుతుంది, ఆడది గుడ్ల సంచిని వెనక తగిలించుకుని, పిల్లలు పుట్టాక వాటిని వీపున ఎక్కించుకుని తిరుగుతుంది. రోజుకు 5 నుంచి 15 దాకా పురుగుల్ని తింటుంది, వాటిలో సుడిదోమ ముఖ్యం. నాటిన మొదటి నెలలోనే ముందు జాగ్రత్త పేరుతో మందు కొట్టినప్పుడు మొదట పోయేవి ఈ సాలీళ్ళే, సుడిదోమ గుడ్లేమో వరి కాడ లోపల భద్రంగా ఉంటాయి, అవి పొదిగాక తినేవాడు మడిలో ఉండడు. మందు కొట్టాక దోమ ఇంకా పెరిగిందని రైతులు అనడం ఊరికే కాదు. మడిలో నాలుగైదు చోట్ల దుబ్బుల్ని చేత్తో విడదీసి మొదట్లోకి చూస్తే దోమలు ఎన్నో, సాలీళ్ళు ఎన్నో కనబడతాయి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి ఆడి దోమ తగ్గుతుంది, ఇలా దిగి చూసుకోవడానికీ వీలవుతుంది. సాలీళ్ళు దండిగా ఉండి దోమ కొద్దిగానే ఉంటే ఆ వారం మందు డబ్బా తెరవకుండా, నాలుగు రోజులాగి మళ్ళీ అదే మడిలో దిగి చూడాలి.